ఏటవాలు రాయి మీద క్రాలర్ వెనక్కి పల్టీ కొడుతుంటే

రూఫ్ ర్యాక్, డబ్బాలు, వెనక ఇనుప బంపర్ పెట్టినప్పటి నుంచీ మీ 1/10 క్రాలర్ (అసలు బండిలో పదో వంతు సైజుండే, రాళ్లెక్కే రిమోట్ కారు) రాయి ఎక్కుతూ వెనక్కి పల్టీ కొడుతోందన్నారు కదండీ. మోటారు మార్చొద్దు, తప్పు దానిది కాదు. బరువంతా పైకీ వెనక్కీ చేరింది. మొదట ర్యాక్ మీది సామాను తీసేయండి. లైపో బ్యాటరీని ముందు యాక్సిల్ వైపు, వీలైనంత కిందికి జరపండి. ఇంకా పల్టీ కొడితే ముందు చక్రాల స్టీరింగ్ నకిల్స్ (చక్రాన్ని పట్టుకుని పక్కలకు తిప్పే ముక్కలు) ఇత్తడివి వేయండి. ఇత్తడి అల్యూమినియం కంటే సుమారు 3 రెట్లు బరువు, పైగా ఆ బరువు స్ప్రింగుల కింద, చక్రాల దగ్గరే ఉంటుంది. ముందు చక్రాలను వంటింటి కాటా మీద, వెనకవాటిని అంతే ఎత్తున్న పుస్తకాల మీద పెట్టి తూచండి, తర్వాత తిప్పి తూచండి. ముందు 60, వెనక 40 శాతం దగ్గరికి వస్తే చాలు. ర్యాక్ అందం వదులుకోలేకపోతే (నాకూ అదంటే ప్రాణం) డబ్బాలను ఫోమ్‌తో చేసి రంగు వేయండి.