హెడ్‌సెట్ కంటే ముందు మెడికల్

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతున్నాడు. పైలట్ కావాలన్నది అతని పట్టుదల. కంప్యూటర్‌లో విమానం నడిపే ఫ్లైట్ సిమ్యులేటర్ కోసం వీఆర్ (వర్చువల్ రియాలిటీ) హెడ్‌సెట్ కొనమంటున్నాడు. ఇంట్లో ఆర్‌టీఎక్స్ 4060 గ్రాఫిక్స్ కార్డున్న కంప్యూటర్ ఉంది. మెటా కంపెనీ క్వెస్ట్ 3ఎస్, క్వెస్ట్ 3, సెకండ్ హ్యాండ్ హెచ్‌పీ రివర్బ్ జీ2లలో తక్కువ ఖర్చుకు ఏది మంచిది? కొనకపోతే తోటివారికంటే వెనకబడతాడేమోనని భయంగా ఉంది. – ఒక తండ్రి, అనంతపురం

జవాబు: మీ భయానికే ముందు సమాధానం చెబుతాను. హెడ్‌సెట్ లేనంత మాత్రాన మీ అబ్బాయి వెనకబడడు. కమర్షియల్ పైలట్ లైసెన్సుకు విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ అడిగే 200 గంటల ఫ్లయింగ్‌లో ఇంటి సిమ్యులేటర్ మీద గడిపిన సమయం ఒక్క నిమిషం కూడా చేరదు. 2021లో యూరప్ విమానయాన భద్రతా సంస్థ ఒక వీఆర్ శిక్షణ పరికరానికి తొలిసారి ఆమోదం ఇచ్చిన మాట నిజమే. అయితే అది రాబిన్సన్ ఆర్22 హెలికాప్టర్ కోసం కదిలే వేదిక మీద నిర్మించిన యంత్రం. దాన్ని చూపి ఇంట్లో ఆడుకునే హెడ్‌సెట్‌ను శిక్షణ పరికరమని నమ్మించే ప్రకటనలను నమ్మకండి.

ఇక ఎంపిక. రివర్బ్ జీ2ను వదిలేయండి. ఒకప్పుడు సిమ్యులేటర్ ప్రియులు కోరి కొనుక్కున్నదే అయినా, అది ఆధారపడిన విండోస్ మిక్స్‌డ్ రియాలిటీ అనే సాఫ్ట్‌వేర్‌ను మైక్రోసాఫ్ట్ 2024లో విండోస్ 11 24హెచ్2 వెర్షన్ నుంచి తొలగించింది కాబట్టి, చవకగా వస్తోందని ఆశపడకూడదు. 3ఎస్‌లో కంటికి 1832×1920 పిక్సెళ్లు, క్వెస్ట్ 3లో 2064×2208 ఉంటాయి. అంతకన్నా ముఖ్యమైన తేడా లెన్సులది: 3ఎస్‌లోని పాత రకం ఫ్రెనెల్ లెన్సుల్లో మధ్యభాగమే స్పష్టంగా ఉంటుంది కనుక కాక్‌పిట్‌లోని ప్రతి మీటరు వైపూ తల తిప్పాలి, క్వెస్ట్ 3లో కళ్లు తిప్పితే చాలు. కానీ మీ కార్డులో ఉన్నది 8 జీబీ మెమరీయే. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్‌ను వీఆర్‌లో నడపాలంటే ఎలాగూ నాణ్యత తగ్గించుకోవాలి, కాబట్టి కొనే పక్షంలో 3ఎస్ చాలు.

అసలు నా సలహా మాత్రం ముందు జాయ్‌స్టిక్ కొనమని. మామూలు వెబ్‌క్యామ్‌తో తల కదలికను గుర్తించి తెర మీది దృశ్యాన్ని తిప్పే ఓపెన్‌ట్రాక్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. రన్‌వే చుట్టూ తిరిగే సర్క్యూట్‌లో, దిగడానికి ముందు బేస్ అనే అడ్డదారి నుంచి రన్‌వేకు ఎదురుగా ఉండే ఫైనల్‌కు తిరిగేటప్పుడు భుజం మీదుగా రన్‌వేను చూసుకునే అలవాటుకు వీఆర్ నిజంగా ఉపకరిస్తుందని ఒప్పుకుంటాను, కానీ హెడ్‌సెట్ పెట్టుకున్న పిల్లవాడు మోకాలి మీది కాగితంపై హెడ్డింగ్ (విమానం వెళ్లాల్సిన దిశ) రాసుకోలేడు, చార్టు చదవలేడు.

పైలట్ చదువు మీద ఇప్పుడున్న మోజు నన్ను కలవరపెడుతోంది. 2023లో ఎయిర్ ఇండియా 470 విమానాలకు, ఇండిగో 500 విమానాలకు ఆర్డర్లు ఇచ్చాయన్న వార్తలు తల్లిదండ్రులందరికీ గుర్తుంటాయి. 2019లో జెట్ ఎయిర్‌వేస్, 2023లో గో ఫస్ట్ ఆగిపోయినప్పుడు అనుభవమున్న పైలట్లే రోడ్డున పడ్డారన్నది గుర్తుండదు. లక్షలు పోసి లైసెన్సు తెచ్చుకున్న కుర్రవాడు వారితో పాటు వరుసలో నిలబడాలి, ఫలానా రకం విమానం నడపడానికి కావలసిన టైప్ రేటింగుకు మళ్లీ లక్షలు వెతుక్కోవాలి.

కాస్త కటువుగా మాట్లాడుతున్నందుకు ఏమీ అనుకోకండి. మీ ఉత్తరంలో మూడు హెడ్‌సెట్ల పేర్లున్నాయి కానీ పైలట్‌కు తప్పనిసరి అయిన మెడికల్ పరీక్ష మాట ఎక్కడా లేదు, డబ్బు ఎక్కడి నుంచి తెస్తారో లేదు. కొడుకు అడిగిన వస్తువు కొనిపెట్టి, అతనితో మాట్లాడవలసిన కష్టమైన విషయాలను మీరు వాయిదా వేస్తున్నారు. ఇల్లు తాకట్టు పెట్టవలసి వస్తుందేమో, పెడితే ఎన్నేళ్లలో తీర్చగలరో, మీ ఇద్దరూ కాగితం మీద లెక్క వేయండి. పదిహేడేళ్ల పిల్లవాడికి ఆ లెక్క అర్థమవుతుంది.

ఈ సెలవుల్లోనే డీజీసీఏ గుర్తింపున్న వైద్యుడి దగ్గర, పైలట్ శిక్షణకు మొదట కావలసిన క్లాస్ 2 మెడికల్ చేయించండి. రంగులను గుర్తించే పరీక్షలో ఇబ్బంది ఉంటే ఇప్పుడే తెలియాలి, ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్షలకు ఇంకా వ్యవధి ఉండగానే. ఆ నివేదిక చేతికొచ్చాక, లెక్క కూడా కుదిరితే, అప్పుడు అబ్బాయి ముచ్చట కోసం 3ఎస్ నిశ్చింతగా కొనిపెట్టండి.