మందులకు లొంగని ఫిట్స్‌కు కీటో ఆహారం పనిచేస్తుందా?

గుంటూరు నుంచి ఒక అమ్మ అడిగారు: ఆరేళ్ల బాబుకు రెండు రకాల మందులు వాడినా ఫిట్స్ ఆగట్లేదు, కీటో డైట్ పెట్టొచ్చా అని.

పెట్టొచ్చమ్మా, కానీ డాక్టరు చేతుల మీదుగానే. సరైన మందులు రెండు తగిన మోతాదులో వాడినా లొంగకపోతే, మూడోదానితో పూర్తిగా ఆగే అవకాశం తక్కువ. అలాంటప్పుడే ఈ ఆహారం అక్కరకొస్తుంది. 1921 నుంచి వాడుకలో ఉన్న వైద్యమిది. పిండిపదార్థాలు బాగా తగ్గించి కొవ్వు పెంచితే కాలేయం ఆ కొవ్వు నుంచి కీటోన్లు అనే ఇంధనాన్ని తయారుచేస్తుంది, మెదడు వాటితో నడుస్తుంది. దాదాపు సగం మంది పిల్లల్లో ఫిట్స్ సగానికి పైగా తగ్గుతాయి.

కష్టమంతా మన వంటింట్లోనే. కీటో ఆహారంలోనే కాస్త తేలికైన రకమైన మోడిఫైడ్ అట్కిన్స్ పద్ధతిలో కూడా పిల్లలకు రోజుకు 10–20 గ్రాముల పిండిపదార్థమే పెడతారు. ఒక్క కప్పు అన్నంలోనే 40 గ్రాములు దాటుతుంది! అంటే ఇడ్లీ, పప్పన్నం పక్కన పెట్టి గుడ్లు, పనీర్, కొబ్బరి, నెయ్యి మీద ఆధారపడాలి. సిరప్‌లలోని చక్కెర కూడా లెక్కే, మాత్రలుగా మార్చడం కుదురుతుందేమో అడగండి.

కొవ్వును వాడుకోలేని పుట్టుకతో వచ్చే లోపాలుంటే ఇది ప్రాణం మీదికి తెస్తుంది. అందుకే ముందు రక్తపరీక్షలు చేయించాలి. విజయవాడలోనో గుంటూరులోనో పిల్లల న్యూరాలజిస్టును, డైటీషియన్‌ను కలవండి. ఉన్న మందులు మీ అంతట మీరు ఆపకండి. ఫలితం తేల్చడానికి కనీసం 3 నెలలు చూస్తారు.