పళ్లు తోముకున్న పెద్దమనిషి గురించి

అమ్మాయీ,

నర్సు ఉద్యోగం మీద నువ్వు రాసిన కథల కట్ట అందింది. వయసులో చిన్నదానివి, అందుకే నువ్వు అనే రాస్తున్నాను. తీరిక చూసుకుని జవాబిద్దామనుకున్నాను గానీ, పళ్లు తోముకున్న పెద్దమనిషి కథ చివర ‘నవ్వి నవ్వి మా పొట్టలు చెక్కలయ్యాయి’ అన్న వాక్యం చూశాక ఒళ్లు మండింది. ఎవరి పొట్టలు? మీవి. నాకు చూపించాల్సింది చూపించకుండా ముందు నువ్వే నవ్వేస్తే నాకింక ఏం మిగిలింది?

అసలు జరిగిన సంగతి ఎంత బాగుంది! వార్డులో నర్సులు కూర్చునే స్టేషన్‌లో గుండె మానిటర్ మోత మోగింది. తెర మీద గీత వెడల్పుగా, గబగబా ఎగిరిపడుతోంది. అది వెంట్రిక్యులర్ టాకీకార్డియా, అంటే గుండె కింది గదులు అదుపు తప్పి గబగబా కొట్టుకోవడం అయితే ప్రాణం మీదికే వస్తుంది. నువ్వు ఎమర్జెన్సీ ట్రాలీ లాక్కుంటూ పరుగెత్తావు. తీరా చూస్తే ఆయన మంచం మీద కూర్చుని, నోటినిండా నురగతో బరబరా బ్రష్ చేసుకుంటున్నాడు. ఆ చేతి కుదుపు ఛాతీ మీద అంటించిన మానిటర్ తీగలకి, అదే లీడ్లకి, తగిలి, తెర మీద గుండె జబ్బులా కనబడింది. నర్సులందరికీ తెలిసిన తమాషాయే, కానీ నాలాంటి పాఠకుడికి కొత్త. దాన్ని రెండు లైన్లలో తేల్చేసి పేజీడు నవ్వు రాశావు. ట్రాలీ దారిలో దేనికి తగులుకుంది? పరిగెడుతూ మనసులో ఏ మందు వెతుక్కున్నావు? నిన్ను చూసి ఆయన ఏమన్నాడు? నోట్లో నురగ ఉంది కాబట్టి ఏమీ అనలేకపోయి ఉంటాడు. అదైనా రాయాలి కదా!

నా పట్టు ఒక్కటే. పని రాయి. చేతులు ఏం చేశాయో వరసగా రాయి, నవ్వు దాని వెనకే వస్తుంది. నేను ప్రెస్సులో ప్రూఫులు దిద్దే రోజుల్లో అక్షరాలు పేర్చే కంపోజిటర్ల మీద ఒక కథ రాశాను. సీసం అక్షరాలు తిరగబడి ఉంటాయి. వాటిని చదివి చదివి, ఇంటికెళ్లాక అద్దంలో రాత చూసినా తడబడని మనిషి కథ అది. ఒక సంపాదకుడు అక్షరాలు పేర్చే స్టిక్కూ, పేర్చినవి పెట్టే గ్యాలీ పళ్లెమూ ఉన్న పేరాలన్నీ కొట్టేసి, ‘టెక్నికల్ విషయాలు పాఠకులకి పట్టవు’ అని రాసి పంపాడు. మిగిలింది ఒక కష్టజీవి, అతని కన్నీళ్లు. అదే అచ్చయింది, మెచ్చుకున్నారు కూడా. ఆయన పోయి చాలాకాలమైనా నా కోపం మాత్రం పోలేదు. ఇప్పటివాళ్లేం తక్కువ కాదు. ప్రతి కథ చివరా ‘గుండె తడి’ కావాలంటారు, తుడుచుకోవడానికి గుడ్డ మటుకు ఇవ్వరు.

ఇరవై నాలుగు గంటల యూరిన్ కథలోనూ ఇదే లోటు. పొద్దున మొదటిది పారబోసి, గడియారం చూసి, అక్కణ్ణించి మర్నాడు అదే వేళ వరకూ ప్రతి చుక్కా డబ్బాలో పట్టాలి. ఒక్కసారిది తప్పినా లెక్క చెడుతుంది. ఇంత కష్టపడి నింపిన డబ్బాని ఇంకో గంటలో ల్యాబ్‌కి పంపాల్సి ఉండగా, రోగి చెల్లెలు ‘ఛీ, ఇదెవరూ తియ్యలేదేమిటి’ అని పారబోసి, కడిగి, ఆరబెట్టింది. ఆమె చేసింది మంచిపనే, అందుకే నవ్వొస్తుంది. నువ్వు ఆమెని ‘తెలివితక్కువ’ అన్నావు. ఆ మాట తీసెయ్. డబ్బా మీద ఏం రాసి ఉందో, ఎవరికి అర్థమయ్యేలా రాసి ఉందో ముందు చూడు.

గుసగుసల కథలో మంచం మీది మనిషి వైపు నుంచి ఒక్క వాక్యం కూడా లేదు. గుమ్మం దగ్గర అయినవాళ్లు గొంతు తగ్గించి మాట్లాడుకుంటుంటే తన పని అయిపోయిందనుకుని వీలునామాకి కాగితం అడిగాడు. వాళ్ల గొడవ పార్కింగ్ గురించి! రోగి ఉన్న గదిలో గుసగుసలాడటం క్రూరత్వమని ఫ్లోరెన్స్ నైటింగేల్ 1859లోనే రాసింది. చెవులు రిక్కించి, సగం మాటలు పోగేసుకుంటున్న ఆ మనిషి దగ్గర కాసేపు కూర్చోకుండా నువ్వు కూడా గుమ్మం దగ్గరే నిలబడిపోయావు.

సాయంత్రమైతే మంచం దిగి బస్సు వెళ్లిపోతోందని గొడవపడే పెద్దాయన కథ వేరు. ‘ఆఖరి బస్సు వెళ్లిపోయింది తాతగారూ, పొద్దున బస్సుకి సీటు ఆపాను అన్నాను. ఆయన చెప్పులు జతగా మంచం కింద పెట్టుకుని పడుకున్నాడు.’ ఇది రెండుసార్లు చదివాను. దీని కింద మానవత్వం మీద రాసిన పేరా కొట్టెయ్, చెప్పులు ఉన్నాయి, చాలు.

ఇంకో మాట. పేర్లు మార్చానన్నావు. పేరు మారిస్తే సరిపోదమ్మా. జబ్బు, వయసు, ఉద్యోగం, వచ్చిన రోజు నాలుగూ కలిపితే వాళ్ల వీధివాళ్లు ఇట్టే పట్టేస్తారు. రోగి నిన్ను నమ్మి చొక్కా విప్పాడు, కథకి ఒప్పుకుని కాదు. రెండు మూడు సంగతులు మార్చు, అవసరమైతే ఇద్దరు మనుషుల్ని ఒకరిని చెయ్యి. చికిత్స జరిగే తీరు మాత్రం మార్చకు, నర్సులు పట్టేసుకుంటారు.

కలం పేరు పెట్టుకోవాలా, ఏ పత్రికకి పంపాలి, పుస్తకం ఎప్పుడు వెయ్యాలి అని అడిగావు. ముందు బ్రష్ కథ తిరగరాసి పంపు. వచ్చే నెల నాకు కంటి ఆపరేషన్, కాబట్టి అక్షరాలు పెద్దవిగా ఉండేట్టు చూడు.