థార్.ఇ దగ్గరగా కనిపిస్తే ఏం చూడాలి?

ప్రశ్న: థార్.ఇ లాంటి ఎలక్ట్రిక్ ఆఫ్‌రోడ్ కాన్సెప్ట్‌ను (అమ్మకానికి ముందు చూపించే నమూనా బండిని) ఎదురుగా చూసే ఛాన్స్ వస్తే ఏం గమనించాలి? మేం తలకోన వైపు తరచూ వెళ్తుంటాం. – ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: ముందు వంగి బండి కింద చూడండి. మహీంద్రా 2023 ఆగస్టు 15న కేప్‌టౌన్‌లో థార్.ఇ చూపించినప్పుడు అందరి కళ్లూ ఆ చదరపు లైట్ల మీదే పడ్డాయి కానీ, అసలు సంగతంతా బండి ఫ్లోర్ కిందుండే బ్యాటరీలో ఉంది. రాయి తగిలితే దెబ్బ దానికే, కాబట్టి అడుగున రక్షణ పలక ఎంత మందంగా ఉంది, బంపర్ నేలకు ఎంత ఎత్తులో ఉంది అన్నవి చూడాలి. భారీ టైర్లు, మెరిసే డాష్‌బోర్డ్ చూసి మురిసిపోకండి, కాన్సెప్ట్‌లో ఉన్నవన్నీ షోరూమ్‌కి రావు. మోటార్ కదిలిన క్షణం నుంచే పూర్తి టార్క్ (చక్రాలను తిప్పే బలం) ఇస్తుంది, అందుకే రాళ్ల ఎక్కుడులో నాకు డీజిల్ కన్నా ఇదే నచ్చుతుంది. తిరుమల నుంచి ఘాట్ రోడ్డు దిగేటప్పుడైతే బ్రేకింగ్‌తో కొంత ఛార్జ్ తిరిగొస్తుంది కూడా. ఒక్క మాట, బండి ఏదైనా సరే శేషాచలం అడవిలోకి మాత్రం దారి తప్పించి తోలకండి.