వేల ఏళ్ల నాటి యూదు ప్రార్థనలకు కూడా కాపీరైట్ ఉంటుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: గుంటూరు జిల్లా కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయీం అనే తెలుగు యూదులున్నారని తెలిసి, హీబ్రూ ప్రార్థనలను తెలుగు లిపిలో, పక్కనే అర్థంతో వెబ్‌సైటులో పెడదామనుకుంటున్నారు. చేతిలో ఒక హీబ్రూ-ఇంగ్లీషు సిద్దూర్, అంటే రోజువారీ ప్రార్థనల పుస్తకం ఉంది. దాన్ని స్కాన్ చేసి పెట్టొచ్చా, లేక ఇంగ్లీషు చూసి తెలుగు చేసుకోవచ్చా? చిన్న జవాబు కావాలంటే, ప్రార్థన పెట్టొచ్చు, ఆ పుస్తకం పెట్టకూడదు.

నేను లాయర్ని కాదండి. న్యూజెర్సీలో ఉంటాను. ఆఫీసు స్నేహితుడొకాయన పుణ్యమా అని వాళ్ల సినగాగ్ వెబ్‌సైటు పని కొన్నేళ్లుగా నా నెత్తిన ఉంది. 2020లో ప్రార్థనలన్నీ జూమ్‌లోకి మారినప్పుడు, "పుస్తకం స్కాన్ చేసి సైట్లో పెట్టేస్తే ఎవరింట్లో వాళ్లు చూసి చదువుకుంటారు కదా" అన్నారు కమిటీవాళ్లు. సరేనని పుస్తకం తెరిస్తే మొదట్లోనే హక్కుల పేజీ. సర్వహక్కులూ మావేనని రాసి ఉంది. షెమా ప్రార్థన ద్వితీయోపదేశకాండం ఆరో అధ్యాయంలోది, దాని మీద వీళ్లకి సర్వహక్కులేమిటని నాకూ మీలాగే ఒళ్లు మండింది.

తర్వాత చదివితే తెలిసింది, ఆ పేజీ తన పరిధికి మించి మాట్లాడుతోందని. పాత హీబ్రూ పాఠం ఎవరి సొత్తూ కాదు. కష్టపడి పోగుచేసినంత మాత్రాన కాపీరైట్ రాదని, కాస్తయినా సొంత సృజన ఉండాలని అమెరికా సుప్రీంకోర్టు 1991లో ఫైస్ట్ కేసులో తేల్చేసింది. అది టెలిఫోన్ డైరెక్టరీ గొడవే అయినా సూత్రం ఇక్కడా అదే. ఎవరో పాత ప్రార్థనని శ్రద్ధగా మళ్లీ టైపు చేసినంత మాత్రాన అది వాళ్లదైపోదు.

అయితే ఇజ్రాయెల్‌లో ఒక మెలిక ఉంది. మృత సముద్రపు చుట్టల్లో, అంటే ఆ సముద్రం దగ్గరి గుహల్లో దొరికిన ప్రాచీన చేతిరాత ప్రతుల్లో, ఒకటి చిరిగి ముక్కలై దొరికితే, ఎలీషా కిమ్రోన్ అనే పండితుడు ముక్కల వరస తేల్చి, మధ్య ఖాళీలను పాండిత్యంతో ఊహించి పూరించాడు. ఆ పునర్నిర్మాణం మీద కాపీరైట్ ఆయనదేనని అక్కడి సుప్రీంకోర్టు 2000లో తీర్పిచ్చింది. రెండు వేల ఏళ్ల నాటి రచనకి బతికున్న మనిషి హక్కుదారు! కాబట్టి కైరో గెనీజాలో, అంటే అక్కడి సినగాగ్‌లో పాత రాతప్రతులు దాచిన గదిలో, దొరికిన చిరుగు ప్రతుల నుంచి ఎవరైనా పండితుడు ఈమధ్య పునరుద్ధరించిన పాఠం జోలికి పోకండి. మామూలు సిద్దూర్‌లోని షెమా, అమీదా, కద్దిష్ లాంటి ప్రార్థనలకు ఆ బెడద లేదు.

ఈ పేచీ యూదులకు కొత్తదేమీ కాదు. వుల్ఫ్ హైడెన్‌హైమ్ అనే ఆయన 1800 నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ పక్కన రోడెల్‌హైమ్‌లో పండగ ప్రార్థనల పుస్తకాలు, మహ్జోర్‌లు, తొమ్మిది సంపుటాలు అచ్చేశాడు. తప్పులు దిద్ది, జర్మన్ అనువాదం చేర్చి మరీ. వియన్నాలో ఆంటన్ ష్మిడ్ అనే ప్రింటరు వాటిని తిరిగి అచ్చేశాడు. మరొకరు అచ్చువేయకూడదని రబ్బీలు, అంటే యూదు మతగురువులు, ముందే నిషేధం పెట్టి ఉన్నారు, మరి అది చెల్లుతుందా? హైడెన్‌హైమ్ పడ్డ శ్రమ సామాన్యమైంది కాదు, నిషేధం న్యాయమేనన్నాడు ప్రెస్‌బర్గ్ రబ్బీ హత్తం సోఫేర్. నికోల్స్‌బర్గ్ రబ్బీ మోర్దెకాయ్ బానెత్ ఒప్పుకోలేదు. ఇద్దరూ ఉద్దండులే. అంటే అమెరికా చట్టం తోసిపుచ్చిన "శ్రమ" వాదాన్ని యూదు ధర్మశాస్త్రంలో మహాపండితులే నెత్తికెత్తుకున్నారన్నమాట. చట్టం ఒప్పుకుంది కదాని ఒక సంప్రదాయ కుటుంబం దగ్గరికి వెళ్తే, "సరే, ధర్మం ఒప్పుకుందా?" అని అడగొచ్చు. మా కమిటీలో ఒక పెద్దాయన అచ్చంగా ఆ మాటే అడిగారు.

ఇక అసలు చిక్కు అనువాదంతో. ఇక్కడ ప్రచురణకర్తల మాట నూటికి నూరుపాళ్లు నిజం. ఆర్ట్‌స్క్రోల్ సిద్దూర్ 1984లో వచ్చింది, బ్రిటన్ రబ్బీ జొనాథన్ సాక్స్ అనువాదంతో కోరెన్ సిద్దూర్ 2009లో వచ్చింది, సాక్స్ పోయింది 2020లో. మన భారత చట్టం లెక్కన రచయిత పోయాక 60 ఏళ్లు ఆగాలి. మీరు పట్టించుకోని సంగతి ఇంకొకటి: ఆ ఇంగ్లీషు చూసి తెలుగు చేసినా అది ఆ అనువాదానికి అనువాదమే అవుతుంది, దానికీ అనుమతి కావాల్సిందే. "నేను కాపీ కొట్టలేదు, తెలుగులో రాశాను" అంటే కుదరదు.

దారి ఉంది. సిమియన్ సింగర్ 1890లో లండన్‌లో వేసిన ప్రార్థనల పుస్తకం అనువాదం ఇప్పుడు అందరిదీ. ఆయన 1906లోనే పోయారు. కానీ అదే పేరుతో 1990లో శతజయంతి ముద్రణ, 2006లో సాక్స్ కొత్త అనువాదంతో మరో ముద్రణ వచ్చాయి. అట్ట మీది పేరు చూసి మోసపోకుండా సంవత్సరం చూసుకోండి. సిద్దూర్‌లో సగానికి సగం దావీదు కీర్తనలే అనిపిస్తుంది, వాటికి జూయిష్ పబ్లికేషన్ సొసైటీ 1917 అనువాదం వాడుకోవచ్చు, 1985ది వద్దు. తెలుగు బైబిల్లోంచి కీర్తనలు ఎత్తుకుందామనుకున్నా ఏ సంవత్సరపు ముద్రణో, హక్కులెవరివో ముందు చూసుకోవాల్సిందే.

ప్రార్థన అన్నంత మాత్రాన పాతదని కూడా అనుకోకండి. ఇజ్రాయెల్ దేశం కోసం చేసే ప్రార్థన 1948లో ప్రధాన రబ్బీలు హెర్జోగ్, ఉజియెల్ పేర వెలువడింది. హెర్జోగ్ 1959లో కన్నుమూశారు. ఇజ్రాయెల్‌లో రచయిత మరణం తర్వాత 70 ఏళ్ల గడువు, కాబట్టి ఆయన్ని రచయితగా లెక్కేస్తే 2029 చివరిదాకా అక్కడ హక్కు ఉన్నట్టే.

ఆడియో కూడా పెడతారేమో, రాగాల సంగతి చూడండి. మనకి అన్నమయ్య మాట పదిహేనో శతాబ్దిది, పాడే బాణీ చాలాసార్లు రాళ్లపల్లివారిదో నేదునూరివారిదో. అక్కడా అంతే. ఎక్కడ విన్నా పాడుకునే "ఓసే షాలోమ్" అనే శాంతి ప్రార్థన బాణీ అనాదిగా వస్తోందనుకుంటారు చాలామంది. అది నురిత్ హిర్ష్ 1969లో ఒక పాటల పోటీకి కట్టింది. మాటలు చదివి రికార్డు చేయండి, పాడకండి.

గుళ్లో చదువుకునేదానికి లేని అడ్డు ఇక్కడెందుకు అంటారా? ప్రార్థనా స్థలంలో ఆరాధనలో భాగంగా చదవడానికి, పాడడానికి అమెరికా చట్టం 110(3)లో మినహాయింపు ఉంది, మన చట్టం 52వ సెక్షన్‌లోనూ మతపరమైన వేడుకలకు అలాంటిదొకటుంది. రెండూ ఆ వేడుక వరకే. స్కాన్ ఫైలు శాశ్వతంగా సైట్లో ఉంచడాన్ని అవి కాయవు. ఉచితంగా పంచుతున్నాం కదా అనే వాదనా నిలవదు. మాక్స్‌వెల్ హౌస్ కాఫీ కంపెనీ 1932 నుంచి పస్కా పండగ రాత్రి చదువుకునే పుస్తకం హగ్గాదాని అమెరికా దుకాణాల్లో ఊరికే పంచుతోంది. ఊరికే ఇచ్చినంత మాత్రాన ఎవరైనా అచ్చేసుకోవచ్చని కాదు.

మా సంగతి చెప్పాలంటే, ప్రచురణకర్తకి మెయిల్ రాశాం. ఏ పేజీలు, ఎవరు చూస్తారు, ఎన్నాళ్లు ఉంటాయి అన్నీ వివరంగా. పాస్‌వర్డ్ పెట్టి సభ్యులకి మాత్రమే, అదీ కొంతకాలమే అని ఒప్పుకున్నారు. మర్యాదగానే రాశారు. గడువయ్యాక తీసేసి, స్వేచ్ఛా వనరులతో మళ్లీ కట్టాను. నిజానికి ముందే ఆ పని చేయాల్సింది కమిటీ, కానీ వాళ్లకి పరిచయమైన పేజీ అంకెలు కావాలి, ఏం చేస్తాం.

ఆ వనరులివి. సెఫారియా అనే యూదు గ్రంథాల ఆన్‌లైన్ లైబ్రరీలో ప్రతి పాఠానికీ ఏ ముద్రణ, ఏ లైసెన్సు అని విడిగా రాసి ఉంటుంది, హీబ్రూకొకటి, అనువాదానికొకటి. రెండూ చూడాలి. కొన్నిటికి వ్యాపారానికి వాడొద్దనే షరతు ఉంటుంది. మీ సైట్లో ప్రకటనలు పెట్టే ఆలోచన ఉంటే అవి వదిలేయండి, "ఇది వ్యాపారమా కాదా" అని తర్వాత తల పట్టుకోవడం అనవసరం. ఓపెన్ సిద్దూర్ ప్రాజెక్ట్ పుట్టిందే ఈ సమస్య మీద, అక్కడివి మార్చుకుని, పంచుకునే లైసెన్సులతో ఉంటాయి. కానీ పేరు చెప్పమంటే చెప్పాలి. బైబిల్ భాగాలకు 1008 నాటి లెనిన్‌గ్రాడ్ ప్రతి అనే హీబ్రూ బైబిల్ చేతిరాత ప్రతి డిజిటల్ పాఠం స్వేచ్ఛగా దొరుకుతుంది.

పుస్తకంలోని పేరా విభజన, "ఇక్కడ లేచి నిలబడండి" లాంటి సూచనలు కూడా దింపకండి. 2007లో ఈస్టర్న్ బుక్ కంపెనీ కేసులో మన సుప్రీంకోర్టు, కోర్టు తీర్పుల పాఠం అందరిదీ, దానికి సంపాదకులు చేసిన పేరా విభజన లాంటివి మాత్రం వాళ్లవి అంది. ఎప్పుడు నిలబడాలో తెలిసినవాళ్లని అడిగి మీ మాటల్లో రాసుకోండి.

మీరైతే షెమాతో మొదలుపెట్టండి. హీబ్రూ లెనిన్‌గ్రాడ్ పాఠంలోంచి, అర్థం 1917 అనువాదం ఆధారంగా, తెలుగు లిపి మీదే. పేజీ అడుగున ఆ రెంటి పేర్లూ, మీ తెలుగుకి మీరిచ్చే లైసెన్సూ రాయండి. అమీదా సింగర్ 1890 ముద్రణతో తర్వాత చేయొచ్చు, అది చాలా పొడుగు.