సెలవుల వ్యాను వృత్తికీ పనికొస్తుందా?

ప్రశ్న: మేము ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో ఉంటాము. కుటుంబంతో సెలవులకు వాడుకునే డీజిల్ క్యాంపర్‌వ్యాన్‌ను (లోపలే పడుకుని, వండుకునే వీలున్న బండిని) వారంలో రెండు రోజులు నా ఎలక్ట్రీషియన్ పనికి కూడా వాడాలనుకుంటున్నాను. లోపల ఏమేమి మార్చాలి?

జవాబు: లోపలి అరల కంటే ముందు బీమా సంగతి చూసుకోండి. క్యాంపర్‌వ్యాన్ పాలసీలు సాధారణంగా సొంత ప్రయాణాలకే పరిమితం కనుక, వృత్తి వినియోగాన్ని రాతపూర్వకంగా చేర్పించుకోకుండా పనిముట్లు వేసుకుని బయలుదేరితే, ప్రమాదం జరిగిన రోజున క్లెయిమును తిరస్కరించే వీలు బీమా సంస్థకు మీరే కల్పించినవారవుతారు. పనిముట్ల దొంగతనానికి బీమా చాలావరకు విడిగానే తీసుకోవలసి ఉంటుంది.

మంచం, వంటగట్టు పీకేయవద్దని నా సలహా. ఖాళీ బరువు 3.05 టన్నులు మించని మోటార్ క్యారవాన్‌కు (మీ క్యాంపర్‌వ్యాన్ లాంటి బండికి) డివైడర్ లేని రహదారిపై గంటకు 60 మైళ్ల వేగం వరకు అనుమతి ఉంది. అదే బండి సరుకుల వ్యానుగా మారితే సాధారణంగా ఆ పరిమితి 50కి తగ్గుతుంది. కాబట్టి పనిముట్లను తీసి పెట్టుకోగల పెట్టెల్లో సర్ది, నేలకు అమర్చిన పట్టాలకు గట్టిగా బిగించండి. బరువైనవి కింద, ఇరుసుల నడుమ ఉండాలి. బండి, మనుషులు, నీళ్లు, సామాను అన్నీ కలిపి, బండికి తయారీదారు బిగించిన పలకపై ముద్రించిన గరిష్ఠ బరువును దాటకూడదు. రాగి కేబుల్ చుట్టలు ఎంత బరువుంటాయో మీకు నేను చెప్పనక్కరలేదు. పనిరోజుల్లో గ్యాస్ సిలిండరును దించివేయడం మేలు.

లండన్‌లో పనులుంటే, 2023 ఆగస్టు 29 నుంచి అల్ట్రా లో ఎమిషన్ జోన్ (ఎక్కువ పొగ వదిలే బండ్లపై రుసుము విధించే ప్రాంతం) నగరంలోని అన్ని బరోలకూ, అంటే స్థానిక పాలనా విభాగాలకూ, వర్తిస్తోంది. యూరో 6 ఉద్గార ప్రమాణాన్ని అందుకోని డీజిల్ వ్యానుకు రోజుకు 12.50 పౌండ్లు చెల్లించాలి.