ఏ టేపు నుంచి వచ్చిందో ముందు అడుగు

చిరంజీవికి ఆశీస్సులు.

జాజ్ ఆల్బమ్‌ల రీఇష్యూలు, అంటే పాత రికార్డుల కొత్త ముద్రణలు, సేకరించడం మొదలుపెట్టాననీ, ఇంతవరకు వెలుగు చూడని రికార్డింగులు ఎక్కడైనా ఉన్నాయేమో వెతకాలని కూడా ఉందనీ, ఈ రెండింటిలో ముందు దేనికి పూనుకోమంటారనీ అడిగావు. నా లెక్కలో ఇవి రెండు పనులు కావు. పొలం కొనేవాడు దస్తావేజులు ఒక్కొక్కటే వెనక్కి తిరగేసి మూల యజమాని దాకా వెళ్ళినట్టు, నీ చేతికి వచ్చిన రికార్డు ఏ గదిలో, ఏ తేదీన, ఏ యంత్రం మీద పుట్టి, ఎన్ని నకళ్ళ మీదుగా నీ దాకా వచ్చిందో జాడ తీయగలగాలి. ఆ అలవాటు పడితే ఏ రీఇష్యూ కొనదగినదో తెలుస్తుంది. విడుదల కాని సంగీతం ఎక్కడ మిగిలి ఉండవచ్చో కూడా ఆ జాడ వెంటే తెలుస్తుంది.

రీఇష్యూ చేతిలోకి తీసుకోగానే అట్ట వెనక చిన్న అక్షరాలు చదువు. మాస్టరింగ్ చేసిన, అంటే టేపులోని ధ్వనిని అచ్చుకు సిద్ధం చేసిన ఇంజినీరు పేరు, వాడిన టేపు వివరం, రికార్డు ఎక్కడ ప్రెస్ అయిందన్న (అచ్చయిందన్న) సంగతి అక్కడ ఉండాలి. 2019లో జాజ్ రికార్డుల కంపెనీ బ్లూ నోట్ మొదలుపెట్టిన టోన్ పోయెట్ వరుస మీద నాకు గౌరవం కలగడానికి ఒక కారణం, జో హార్లీ పర్యవేక్షణలో కెవిన్ గ్రే మాస్టరింగ్ చేశారని, అనలాగ్ టేపుల నుంచే చేశారని వాళ్ళు దాచకుండా చెప్పడం. "ఒరిజినల్ మాస్టర్" అన్న మాట ఒక్కటే కనిపిస్తే దాన్ని ప్రకటనగా తీసుకో, సమాచారంగా కాదు. మొబైల్ ఫిడెలిటీ సంస్థ తన ఖరీదైన ఎల్పీల్లో చాలావాటికి టేపుకూ రికార్డుకూ మధ్య ఒక డిజిటల్ దశ వాడుతోందని 2022లో బయటపడినప్పుడు, అంతకుముందు రోజు వరకు ఆ రికార్డుల ధ్వనిని ఆకాశానికెత్తిన వారే తెల్లవారేసరికి మోసపోయామన్నారు. డిజిటల్ దశ ఉండటం దోషమని నేను అనుకోను. అడిగేదాకా చెప్పకపోవడం దోషం.

మొదటి ప్రెస్సింగ్ అన్నిటికన్నా మేలైనదన్న నమ్మకాన్ని కూడా కొంత సడలించుకో. ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ ఆల్బమ్ 'కైండ్ ఆఫ్ బ్లూ' సంగతే చూడు. 1959 మార్చి 2న న్యూయార్క్‌లోని కొలంబియా 30వ వీధి స్టూడియోలో మొదటి సెషన్, అంటే మొదటి విడత రికార్డింగు, జరిగినప్పుడు ఒక టేపు యంత్రం ఉండవలసిన దానికన్నా కొంచెం నెమ్మదిగా తిరిగింది. ఆ టేపును సరైన వేగంతో తిరిగే యంత్రం మీద పెడితే సంగీతం కాస్త త్వరగా, కాస్త హెచ్చు శ్రుతిలో వినిపిస్తుంది. మొదటి వైపున్న మూడు రచనలూ ముప్పై ఏళ్ళకు పైగా లోకమంతా అలాగే విన్నది, వాటితో కలిసి సాధన చేసిన వాద్యకారులు తమ వాద్యాల శ్రుతినే అనుమానించారు. అదే సెషన్‌ను సరైన వేగంతో పట్టిన రెండో యంత్రపు టేపును వాడి 1992 రీఇష్యూలో ఈ తప్పును దిద్దారు. ఇక్కడ అసలు ముద్రణకన్నా రీఇష్యూయే ఆ గదిలో వాయించిన సంగీతానికి దగ్గరగా ఉంది.

బ్లూ నోట్ పాత రికార్డులు కొనదలిస్తే లేబుల్ కాగితంతో ఆగకుండా చివరి గాడికీ లేబుల్‌కూ మధ్య ఉండే ఖాళీ వలయాన్ని దీపం కింద వాల్చి చూడు. బ్లూ నోట్ రికార్డింగ్ ఇంజినీరు రూడీ వాన్ గెల్డర్ స్వయంగా గాడులు కట్ చేసిన వాటి మీద ఆయన పేరు గాని, ఆర్వీజీ అనే పొడి అక్షరాలు గాని ఉంటాయి. ప్లాస్టిలైట్ కర్మాగారంలో ప్రెస్ అయిన వాటి మీద, సేకర్తలు చెవి అని పిలిచే వంకర గుర్తు ఉంటుంది. 1960ల మధ్యలో కంపెనీని లిబర్టీ సంస్థ కొన్న తరువాత ఆ చెవి గుర్తు పోయింది గాని, వాన్ గెల్డర్ ముద్ర ఉన్న పాత మెటల్ అచ్చులతోనే లిబర్టీ కాలంలో కూడా ఎన్నో రికార్డులు ప్రెస్ అయ్యాయి. వేలంపాటలో చెవి గుర్తుకు పలికే ధర వీటికి పలకదు. నీ ఉద్దేశం వినడమే అయితే చెవి గుర్తు కోసం కాక చెవి కోసం కొను. మోనో, అంటే ధ్వని అంతా ఒకే ట్రాకులో ఉండే రికార్డుల సంగతి కూడా ఇలాంటిదే. 1959 నాటికే వాన్ గెల్డర్ బ్లూ నోట్ సెషన్లను రెండు ట్రాకుల టేపు మీద పట్టి, ఆ రెండింటినీ కలిపి మోనో రికార్డు కట్ చేసేవారు. అందువల్ల 1960ల బ్లూ నోట్ మోనో రికార్డుకు "అసలైన మోనో" అని ఎవరైనా అదనంగా అడిగితే ఆ అదనం దేనికని తిరిగి అడుగు.

యూరప్ నుంచి వచ్చే చవక రీఇష్యూల విషయంలో ఒక మాట. అక్కడ సౌండ్ రికార్డింగుల హక్కుల గడువు పూర్వం 50 ఏళ్ళు. 2011 నాటి యూరోపియన్ యూనియన్ ఆదేశంతో అది 70కి పెరిగినా, అప్పటికే గడువు తీరినవి వెనక్కి రాలేదు. అంటే 1962 చివరిలోపు విడుదలైన రికార్డులను అక్కడ ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు. జాజ్‌లో మనం మళ్ళీ మళ్ళీ వినేది ఎక్కువగా ఆ కాలందే. వారికి హక్కు అవసరం లేదు కనుక అసలు కంపెనీ గదిలోని టేపు కూడా వారికి దొరకదు. సీడీ నుంచో, శుభ్రం చేసిన పాత ఎల్పీ నుంచో ఎత్తి అచ్చు వేస్తారు. మాస్టరింగ్ ఇంజినీరు పేరు లేకపోవడం, సంబంధం లేని రెండు ఆల్బమ్‌లు ఒకే డిస్క్‌లో ఇరికించడం, ఎవరూ అడగని బోనస్ ట్రాకులు చేర్చడం వీటి గుర్తులు. చట్టం ఒప్పుకుంటుంది, నా మనసు ఒప్పుకోదు. వాద్యకారుడి కుటుంబానికి అందులో ఏమీ చేరదు.

(ఆల్టర్నేట్ టేకుల గురించి, అంటే ఒకే రచనను స్టూడియోలో మళ్ళీ వాయించి పట్టిన రూపాల గురించి, నీకు నచ్చని మాట చెబుతున్నాను. ఒక రచనను నాలుగుసార్లు వాయించి ఉంటే ఆ నాలుగింటినీ వరుసగా పేర్చి ఆల్బమ్ మధ్యలో పెట్టే రీఇష్యూ పరిశోధకుడికి మేలు చేస్తుంది, శ్రోతకు కీడు చేస్తుంది. వాటిని చివరన పెట్టినవే ఎంచుకో.)

ఇక విడుదల కానివి. ఇవి ఎందుకు మిగిలిపోతాయో తెలియకుండా వెతకడం మొదలుపెడితే, దాచిన నిధి ఏదో ఎక్కడో ఉందన్న భ్రమలో పడతావు. చాలావరకు ఎవరూ దాచలేదు. బ్లూ నోట్ స్థాపకుడు ఆల్ఫ్రెడ్ లయన్, ఆయన భాగస్వామి ఫ్రాన్సిస్ వుల్ఫ్ రిహార్సళ్ళకు కూడా డబ్బిచ్చి, విడుదల చేయగలిగిన దానికన్నా ఎక్కువగా రికార్డు చేసేవారు. ఒక సెషన్ వాళ్ళకు పూర్తిగా నచ్చకపోయినా, అదే వాద్యకారుడి ఇంకో ఆల్బమ్ బాగా అమ్ముడవుతున్నా, వెనకటిది అలమరలోనే ఉండిపోయేది. 1975లో మైఖేల్ కస్కునా ఆ అలమరలు తెరిచి ఒక్కొక్క టేపే వినడం ప్రారంభించారు. ఆయన 1980ల తొలి ఏళ్ళలో చార్లీ లౌరీతో కలిసి మొజాయిక్ రికార్డ్స్ పెట్టి, ఒక వాద్యకారుడి ఒక కాలపు సెషన్లన్నీ ఒకే పెట్టెలో తేదీల వివరాలతో తేవడాన్ని ఒక పద్ధతిగా నిలబెట్టారు. 2024లో కస్కునా పోయారు. రీఇష్యూ అట్ట మీద ఆయన పేరు కనబడితే నేను సందేహించకుండా కొంటాను.

టెనర్ శాక్సఫోన్ వాద్యకారుడు టీనా బ్రూక్స్ బ్లూ నోట్‌కు తన పేరు మీద నాలుగు సెషన్లు చేశారు. 1960లో చేసిన 'ట్రూ బ్లూ' ఒక్కటే ఆయన బతికుండగా బయటికి వచ్చింది. 'బ్యాక్ టు ద ట్రాక్స్' అనే ఆల్బమ్‌కు 4052 అని కేటలాగ్ సంఖ్య కేటాయించి, పేరు ప్రకటించి కూడా విడుదల చేయలేదు. బ్రూక్స్ 1974లో మరణించారు; మిగిలినవి 1980 నుంచే శ్రోతలకు చేరాయి. వెతికేవాడికి ఇందులో ఉన్న పాఠం ఆ 4052. ఒక వరుసలో సంఖ్య ఉండి రికార్డు లేదంటే అక్కడ ఏదో జరిగింది. బ్రయాన్ రస్ట్, టామ్ లార్డ్ వంటి వారి డిస్కోగ్రఫీలను, అంటే రికార్డింగుల పట్టికలను, నవల చదివినట్టు కాక లెక్కలు సరిచూసినట్టు చదువు. సెషన్ తేదీ, వాద్యకారుల పేర్లు, ప్రతి రికార్డింగుకూ కంపెనీ ఇచ్చే మ్యాట్రిక్స్ సంఖ్యల వరుస, ఆ వరుసలో తప్పిపోయినవి, "రిజెక్టెడ్" అని, "అనిష్యూడ్" (విడుదల కానిది) అని గుర్తు పెట్టినవి నోటు పుస్తకంలో రాసుకో. రిజెక్టెడ్ అన్న ముద్ర ఆ నాటి నిర్మాత అభిప్రాయం మాత్రమే. అయితే ఆయన అభిప్రాయమే సరైనదని తేలే సందర్భాలు కూడా తక్కువేమీ కావని గుర్తుంచుకో.

కంపెనీ అలమరల వెలుపల ఎక్కువ ఆశ పెట్టుకోదగిన చోటు గ్రంథాలయాలు, రేడియో సంస్థల నిల్వలు. పియానో వాద్యకారుడు థెలోనియస్ మంక్, శాక్సఫోన్ వాద్యకారుడు జాన్ కోల్ట్రేన్ 1957లో న్యూయార్క్ ఫైవ్ స్పాట్ కేఫ్‌లో కొన్ని నెలలు కలిసి వాయించారని అందరికీ తెలుసు. అక్కడ వాయించిన నలుగురి బృందం సంగీతానికి సాక్ష్యంగా మాత్రం స్టూడియోలో పట్టిన మూడు ట్రాకులు, ధ్వని సరిగా లేని ఒక సొంత టేపు తప్ప ఏమీ లేవని చాలాకాలం అనుకున్నారు. ఆ ఏడాది నవంబరు 29న కార్నెగీ హాల్లో జరిగిన కచేరీలో వాళ్ళు వాయించారు, దాన్ని అమెరికా ప్రభుత్వ రేడియో సంస్థ వాయిస్ ఆఫ్ అమెరికా రికార్డు చేసింది. ఆ టేపులు వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు చేరి, ప్రసారం కాకుండానే ఉండిపోయాయి. 2005 మొదట్లో అక్కడి ఉద్యోగి లారీ యాపిల్‌బామ్ పాత టేపులను డిజిటల్‌లోకి మార్చే పని చేస్తూ, ఒక పెట్టె మీద చేతిరాతతో "టి. మంక్" అని ఉండటం చూసి ఆగారు. అదే ఏడాది బ్లూ నోట్ దాన్ని విడుదల చేసింది. అదృష్టం అని దీన్ని తేలిగ్గా కొట్టెయ్యకు. కచేరీ జరిగిందన్న సంగతి, అందులో ఎవరెవరు పాల్గొన్నారన్న సంగతి అప్పటికే అచ్చులో ఉన్నాయి. పెట్టె మీద రెండు అక్షరాలు కనిపించినప్పుడు అవి దేనివో ఆయనకు తెలియడమే ఆయన నైపుణ్యం. కోల్ట్రేన్ 1961లో విలేజ్ గేట్‌లో వాయించినది కూడా న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ సంగీత నిల్వల్లో దొరికి 2023లో వచ్చింది. రట్‌గర్స్ విశ్వవిద్యాలయం నూఆర్క్ ప్రాంగణంలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ జాజ్ స్టడీస్ వంటి చోట్లకు ఉత్తరం రాసేటప్పుడు "విడుదల కానివేమైనా ఉన్నాయా" అని అడగకు. తేదీ, వేదిక, వాద్యకారుల పేర్లు రాసి, ఆ కచేరీకి సంబంధించిన టేపు మీ పట్టికలో ఉందా అని అడుగు. మొదటి ప్రశ్నకు మర్యాదపూర్వకమైన జవాబు వస్తుంది, రెండో దానికి సమాచారం వస్తుంది.

కుటుంబాల దగ్గర మిగిలినవి మరో తెగ. కంపెనీల గిడ్డంగులను మనం అనుకున్నంత నమ్మడానికి లేదు. అట్లాంటిక్ కంపెనీ టేపులున్న న్యూజెర్సీ లాంగ్ బ్రాంచ్ గిడ్డంగి 1978లో తగలబడి, విడుదల కాని సెషన్లెన్నో బూడిదయ్యాయి. కోల్ట్రేన్ క్వార్టెట్ (నలుగురి బృందం) 1963 మార్చి 6న వాన్ గెల్డర్ స్టూడియోలో చేసిన సెషన్ మాస్టర్ టేపు కూడా కంపెనీ దగ్గర మిగల్లేదు. కోల్ట్రేన్ వినడానికని ఆ రోజు ఇంటికి తీసుకెళ్ళిన మోనో నకలు ఆయన మొదటి భార్య నైమా కుటుంబం దగ్గర ఉండబట్టి 2018లో అది ఆల్బమ్‌గా వచ్చింది. ఇలాంటి కుటుంబాల దగ్గరికి సేకర్తలా వెళ్ళకూడదు. ఆ వాద్యకారుడి మీద నీకున్న గౌరవం నీ ప్రశ్నల్లో కనిపించాలి, కొనే మాట నీ నోటి నుంచి ముందు రాకూడదు.

ఎప్పుడైనా పాత టేపు గాని, ఎసిటేట్ డిస్క్ (లాకర్ పూత మీద నేరుగా కట్ చేసిన డిస్క్) గాని నీ చేతికే వస్తే మొదట చేయవలసింది దాన్ని వాయించకపోవడం. 1970ల, 80ల టేపుల్లో కొన్నింటి జిగురు పొర తేమ పీల్చి మెత్తబడి ఉంటుంది. యంత్రం మీద తిప్పితే పొర ఊడి, టేపును చదివే హెడ్‌కు అంటుకుపోతుంది. అంతకన్నా పాతవైన ఎసిటేట్ టేపులు పుల్లటి వెనిగర్ వాసన వేస్తుంటే క్షీణించడం మొదలైందని అర్థం. లాకర్ డిస్కుల పైపూత పలకలుగా లేచిపోతుంది, ముల్లు ఒక్కసారి గీసినా నష్టమే. పెట్టెను అన్ని వైపులా ఫొటో తీసి, మీద ఉన్న ప్రతి అక్షరం రాసుకుని, పెట్టెనూ టేపునూ విడదీయకుండా నిపుణుడికి అప్పగించు. వేడి చేసి బాగు చేసే పద్ధతి ఉంది గాని దాన్ని వంటింట్లో ప్రయత్నించవద్దు.

టేపు నీదైనంత మాత్రాన అందులోని సంగీతం నీది కాదు. అమెరికాలో 2018 నాటి చట్టం ప్రకారం 1957 నుంచి 1972 ఫిబ్రవరి 15 లోపు రికార్డింగుల రక్షణ 2067 దాకా ఉంటుంది. పియానో వాద్యకారుడు బిల్ ఎవాన్స్ 1968లో జర్మనీలోని విల్లింగెన్ ఎంపీఎస్ స్టూడియోలో చేసిన సెషన్‌ను రెజొనన్స్ రికార్డ్స్ తరఫున జెవ్ ఫెల్డ్‌మన్ 2016లో బయటికి తెచ్చారంటే, టేపు దొరకడం వల్ల కాదు. టేపు ఉన్నవారు, ఎవాన్స్ వారసులు, అప్పట్లో ఆయనతో ఒప్పందం ఉన్న కంపెనీ, ముగ్గురూ ఒప్పుకోవాలి. ఆ ఓపిక లేనివాడు నకళ్ళు పంచిపెట్టి తృప్తిపడతాడు, దానితో సక్రమమైన విడుదలకున్న దారి మూసుకుపోతుంది.

మొదలుపెట్టడానికి ఒక్క వాద్యకారుణ్ణి, ఒక్క కంపెనీని తీసుకో. నేనైతే టెనర్ శాక్సఫోన్ వాద్యకారుడు హ్యాంక్ మోబ్లీ బ్లూ నోట్ రికార్డులు తీసుకోమంటాను. రికార్డు చేసిన తేదీ ఒక గడిలో, విడుదలైన ఏడాది పక్క గడిలో, వాడిన టేపు మూడో గడిలో రాసుకుంటూ పో. 'ఎ స్లైస్ ఆఫ్ ద టాప్' 1966లో పుట్టి 1979లో వచ్చింది, 'థింకింగ్ ఆఫ్ హోమ్' 1970లో పుట్టి 1980లో వచ్చింది. ఇలాంటివి ఇంకా తగులుతాయి. పట్టిక పూర్తయ్యాక ఒక ప్రతి నాకు పంపు. మూడో గడిలో నువ్వు నింపలేకపోయినవి ఏవో చూసి, వాటిలో దేని గురించి ఎవరికి ఉత్తరం రాయాలో వచ్చే లేఖలో రాస్తాను.

ఇట్లు,
నీ పెదనాన్న